స్టూలెక్కి తీసిన ఫోటోలు

ఆ అమ్మాయి రోడ్డు మీద ఎత్తు స్టూలు వేసుకుని, దానిమీదెక్కి ఫోటోలు తీస్తోంది.

తాళ్లాయన గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించి చూస్తున్నాడు.

తాళ్లాయన అంటే ఆ మలుపులో లారీలవాళ్లకు తాళ్లు, టార్పాలిన్లు అమ్మే వ్యాపారి. ఎప్పుడో రాజులు వేయించిన రహదారి అది. ఒకప్పుడు గుర్రాలు నడిచాయి. తర్వాత లారీలు నడిచాయి. అవతల కొత్త రోడ్డు పడ్డాక ఇప్పుడు గాలి నడుస్తోంది.

కొత్త రోడ్డు మీద టైర్ల కొట్టు పెట్టుకున్న అల్లుడు, తన పక్క గది ఇస్తానన్నాడు. రేపటికల్లా ఔనో కాదో చెప్పాలి. పాతికేళ్ల కొట్టు ఉంచుకోవాలా, ఎత్తేయాలా? తాళ్లాయనకు తెగని లెక్క అదొక్కటే.

"ఏమ్మాయ్, కింద నిలబడితే మా కొట్టు కనబడదా?"

"కనబడుతుందండీ. ఎత్తు చాలదు."

"నీ ఎత్తా, కొట్టు ఎత్తా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. అంత నవ్వులోనూ స్టూలు కదలలేదు.

"వంతెన తీశావు, మైలురాయి తీశావు. ఇవన్నీ ఎక్కడ వేస్తావు?"

"గోడ మీదండీ. పెద్దగా."

తాళ్లాయన మనసులో తక్కెడ ఊగింది. పట్నంలో ఇలాంటి ఫోటోలు గోడలకు పెట్టి జనానికి చూపిస్తారని విన్నాడు. జనం చూస్తే కార్లేసుకుని వస్తారు. వచ్చినవాళ్లు ఉత్త చేతులతో పోతారా?

"నా బోర్డు కూడా పడాలి సుమా!"

"పడుతుందండీ. కానీ మబ్బు పట్టింది. పొద్దున్నే వస్తాను."

ఆమె స్కూటరు మలుపు తిరగ్గానే తాళ్లాయన చొక్కా చేతులు మడిచాడు. కొట్టు ముందు నీడకు కట్టిన పసుపుపచ్చ టార్పాలిన్ మాసికల పుట్ట. దాన్ని పీకేసి కొత్త నీలంది కట్టాడు. వంకర బోర్డు సరిచేశాడు. వేలాడే టైరు తీసి వెనక పడేశాడు.

తెల్లారేసరికి ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు.

"కొత్త పెళ్లికొడుకులా ఉన్నారు. పెళ్లికూతురు నేనేనా, ఇంకెవరైనా వస్తున్నారా?" అంది భార్య.

"నోరుమూసుకుని నువ్వూ జడేసుకో. ఫోటోలో పడతావు."

అమ్మాయి వచ్చింది. స్టూలెక్కింది. కెమెరా కంటికి ఆనించింది. దించేసింది. తనూ దిగిపోయింది.

"ఆ పసుపుపచ్చ టార్పాలిన్ ఏదండీ?"

"పాతదమ్మా, చిరిగింది. తీసేశాను."

"అయ్యో! అది కనబడకపోతే మా నాన్న బండి తిప్పడండీ!"

"ఏ నాన్న? ఏ బండి?"

అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్న ఈ రోడ్డు మీద ముప్పై ఏళ్లు లారీ తోలాడు. ఈమధ్య జారిపడి తుంటి విరిగింది. మంచం దిగకూడదు. దారి మర్చిపోతున్నానని ఒకటే గోల. అందుకని లారీ సీటంత ఎత్తున స్టూలెక్కి, దారి పొడుగునా ఫోటోలు తీసి, పడగ్గది గోడ మీద ఒకదాని తర్వాత ఒకటి వేస్తోంది. పాత ఇనుప సామాన్ల కొట్లోంచి స్టీరింగు కూడా తెచ్చి చేతికిచ్చింది.

"రోజూ సాయంత్రం మంచం మీదే తోలుతున్నాడండీ. నిన్న వంతెన దాటాం. పసుపుపచ్చ టార్పాలిన్ కనబడందే మలుపు తిప్పనని బ్రేకేసి కూర్చున్నాడు. అన్నం కూడా స్టీరింగు వదలకుండానే తిన్నాడు!"

తాళ్లాయన భార్య నవ్వలేక పొట్ట పట్టుకుంది.

తాళ్లాయన మాత్రం నవ్వలేదు. చూసే జనం లేరు, వచ్చే కార్లు లేవు. ఒక మంచం, ఒక ముసలాయన. వేసిన లెక్కంతా వెనక్కి తన్నింది.

"ఏమండీ, ఆలోచన తర్వాత. ముందు నిచ్చెనెక్కండి," అని భార్య పాత టార్పాలిన్ తెచ్చి చేతిలో పెట్టింది.

ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా మాసిపోయింది. టార్పాలిన్ ఎప్పటిలా ఒక పక్కకు వాలింది, బోర్డు వంకర తిరిగింది, టైరు వేలాడింది.

క్లిక్ మంది.

అమ్మాయి అప్పటికప్పుడే నాన్నకు ఫోన్ చేసింది. అవతలి గొంతు కొట్టంతా వినబడింది.

"మలుపొచ్చిందా తల్లీ?"

"వచ్చింది నాన్నా. కొట్టాయన కూడా ఉన్నారు."

"ఏదీ, ఇవ్వు. ఏం తాళ్లాయనా, బోణీ అయిందా?"

"ఎక్కడయిందన్నా! పొద్దున్నుంచీ ఈ హడావిడే."

"అయితే మా అమ్మాయికి మంచి తాడొకటి ఇవ్వు."

"మంచం మీద తోలేవాడివి, నీకు తాడెందుకన్నా?"

"ఆ రోజు మాత్రం బండిలో సరుకుందా ఏంటయ్యా!" గొంతు గలగలా నవ్వింది. "తల్లీ, మళ్లీ మబ్బు పట్టకముందే ముందుకు పద."

అమ్మాయి తాడు స్కూటరుకు తగిలించుకుని, స్టూలు కట్టుకుని, చెయ్యూపి వెళ్లిపోయింది.

తాళ్లాయన బోణీ డబ్బు గల్లాపెట్టెలో వేయబోయి ఆగిపోయాడు.

ఏ రోజు?

గుర్తొచ్చేసరికి రోడ్డు మీదికి పరుగెత్తాడు. స్కూటరు మలుపు దాటేసింది.

అంతలో అల్లుడి ఫోన్.

"మావయ్యగారూ, గది సంగతి ఏం చేశారు?"

"ఇంకెవరికైనా ఇచ్చుకో బాబూ. మేము ఇక్కడే ఉంటాం."

"ఆ ఖాళీ రోడ్డు మీదా? ఎవరున్నారండీ మీకు?"

తాళ్లాయన మలుపు వైపు చూశాడు. జీవితమంతా బేరాలే గుర్తుపెట్టుకున్నాడు, మొహాలు కాదు.

"కొట్టు తెరిచిన రోజు పొద్దుగూకేదాకా ఒక్క బండీ ఆగకపోతే, మా దిగులు మొహాలు చూసి ఖాళీ లారీ ఆపి, కట్టడానికి ఒక్క బస్తా కూడా లేకపోయినా మొదటి తాడు కొన్న మనిషి ఉన్నాడు బాబూ, ఇప్పుడే ఈ మలుపు తిరిగాడు."