నలభై రెండో నంబరు

“నలభై రెండు! సైన్యంలో చేరిన రోజు నుంచీ నా పాదం నలభై రెండే. ఇప్పుడు కొత్తగా పెరిగిందా?”

ఆర్వో గొంతుకు బూట్ల దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. చలికి బ్యాటరీ పాడవుతుందని చెవి మిషనును జేబులో పెట్టుకు తిరగడం ఆయన అలవాటు. తాను మెల్లగానే మాట్లాడుతున్నానని ఆయన నమ్మకం.

“పాదం పెరగలేదు నాన్నా, మేజోళ్ళు పెరిగాయి,” అంది కూతురు మెర్వి. “లోపల రెండు జతల ఉన్ని మేజోళ్ళు పట్టాలి. వేళ్ళు కదలాలి. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు. అప్పుడు ఎంత మంచి బూటయినా ఒకటే. నలభై నాలుగు తీసుకో.”

బూట్లు మాత్రం ఇద్దరికీ నచ్చినవే. అడుగున మందపాటి రబ్బరు, లోపల ఉన్ని. సైకిల్ చక్రం ఎంత బురదమంచు చిమ్మినా చుక్క నీరు దిగదు. పేచీ అంతా నంబరు దగ్గరే.

“అంతంత బూట్లేసుకుని పెడలు తొక్కితే బాతులా ఉంటాను. ఆ పక్కింటి తౌనో చూశాడంటే ఊరంతా చాటింపు వేస్తాడు.”

“డాక్టరేమన్నాడు? కిందటి చలికాలం తెల్లబడిన ఆ బొటనవేలు ఇంకోసారి గడ్డకడితే తీసెయ్యడమే అన్నాడా లేదా?”

“నా వేలు, నా ఇష్టం.”

మెర్వి నడుం మీద చేతులు పెట్టుకుంది. “అయితే పందెం. ఆదివారం ఈ నలభై రెండుతోనే సైకిల్ మీద చర్చికి వెళ్ళిరా. ఇంటికొచ్చాక నీ వేళ్ళు నేనే పట్టి చూస్తాను. వెచ్చగా ఉంటే ఇక నోరెత్తను. చల్లగా ఉన్నాయా, సైకిల్ తాళంచెవి నా చేతికిచ్చి బుద్ధిగా నా కారెక్కాలి.”

ఆర్వో వెంటనే చెయ్యి కలిపాడు. ఆ ఉత్తరాది ఔలు పట్టణంలో బడిపిల్లల దగ్గర్నుంచి పాస్టరు దాకా మంచులో సైకిల్ తొక్కేవాళ్ళే. అక్కడ సైకిల్ దిగిపోయిన ముసలివాడిని ఇరుగుపొరుగు చేపల పులుసు పట్టుకొచ్చి పరామర్శిస్తారు. ఆ పులుసు తాగే ఉద్దేశం ఆయనకు లేదు.

ఆయన బయటికెళ్ళి సైకిల్ సీటు మీద మంచు దులుపుకున్నాడు. మెర్వి ఇంకాసేపు దుకాణంలోనే ఉండిపోయింది.

ఆదివారం మైనస్ ఇరవై. రెండు జతల మేజోళ్ళ మీద బూట్లను బలవంతాన ఎక్కించి ఆర్వో బయల్దేరాడు. నది మీది వంతెన ఎక్కేసరికి వేళ్ళు సలపడం మొదలుపెట్టాయి. చర్చి దగ్గర దిగేసరికి సలుపు లేదు. వేళ్ళు ఉన్నట్టే తెలియలేదు.

మెర్వి కారులో ముందే వచ్చి వెనక వరుసలో కూర్చుంది. ఆయన ఆమె ముందు వరుసలో కూర్చుంటూ దర్జాగా తలూపాడు.

అందరూ తలలు వంచి ప్రార్థించే వేళ ఆర్వో తన మనవి విన్నవించుకున్నాడు. “ప్రభువా, బూట్ల సంగతి నిన్ను అడగొచ్చో లేదో తెలియదు. నీకు బోలెడు పనులుంటాయి. కానీ ఆ సైకిల్ పోతే నేను ముసలివాణ్ణయిపోతాను. ఇంటికి చేరేదాకా ఈ వేళ్ళు వెచ్చగా ఉంచు.” పంతం నెగ్గడానికి చేసే ప్రార్థన ప్రార్థనేనా అని సందేహం కలిగింది. అడిగేశాక వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియక ఆమెన్ అన్నాడు.

ఆ తర్వాత పక్కనున్న హాల్లో కాఫీ. ఇళ్ళలో లాగే అక్కడా అందరూ గుమ్మం దగ్గరే బూట్లు విప్పి మేజోళ్ళతో లోపలికి నడిచారు.

“ఏం ఆర్వో, కూతురి కారులో సీటు ఖాయమయిందటగా?” అన్నాడు తౌనో.

“నీ నోట్లో బన్ను ముందు మింగు. ఇంటికెళ్ళేటప్పుడు నా వెనక చక్రం చూద్దువుగాని,” అన్నాడు ఆర్వో, బల్ల కింద కాళ్ళు రుద్దుకుంటూ.

మెర్వి బన్నులు తెచ్చిన గిన్నెలు కారులో పెట్టడానికి లోపలికీ బయటికీ తిరుగుతోంది.

తిరుగు ప్రయాణంలో బూట్లు ఇట్టే ఎక్కాయి. ‘కొత్త తోలు కదా, సాగడానికి కాస్త టైం తీసుకుంది,’ అనుకున్నాడు. వంతెన మీద గాలి చెంపలు వాయిస్తుంటే ఆశ్చర్యంగా వేళ్ళు కదిలాయి. ఇంకాస్త దూరం పోయేసరికి వెచ్చబడ్డాయి. గంట మోగిస్తూ తౌనోను దాటేసి, ఇల్లు చేరేదాకా గొంతెత్తి కీర్తన పాడాడు.

మెర్వి వెనకే వచ్చి నేల మీద కూర్చుని, మేజోళ్ళు లాగి, ఆయన వేళ్ళు పట్టి చూసింది. పొయ్యిలోంచి తీసిన బన్నుల్లా ఉన్నాయి.

“నా నంబరెంత? చెప్పు, ఎంత?” అన్నాడు ఆర్వో ఛాతీ విరుచుకుని.

“నలభై రెండు,” అంది మెర్వి. “ఒప్పుకున్నాను నాన్నా. సైకిల్ నీదే.”

ఆయన కళ్ళు పైకెత్తి దేవుడికి దండం పెట్టుకున్నాడు. గుమ్మంలో విప్పిన బూట్లు ఎంతో ప్రేమగా తెచ్చి, ఆరబెడదామని పొయ్యి పక్కన బోర్లించాడు. అడుగున అచ్చు వేసిన అంకె కనిపించింది. నలభై నాలుగు.

ఆయన ముఖం పాలిపోయింది. “మెర్వీ! కారు తియ్యి! ఎవరివో వేసుకొచ్చేశాను! పాపం ఆయనెవరో మేజోళ్ళతో గుమ్మంలో నిలబడి ఉంటాడు. దేవుడి చోట దొంగతనం చేశానే!”

మెర్వి కోటు గుండీలు పెట్టుకుంటూ నవ్వింది.

“ఎవరూ నిలబడలేదులే, అవీ నీకోసం కొన్నవే. నీ నలభై రెండు నా కారులోనే ఉన్నాయి. ఈసారి మాత్రం దేవుడితో మాట్లాడేటప్పుడు చెవి మిషను పెట్టుకో నాన్నా, మూడు వరుసల దాకా వినిపించింది.”