అట్ల పందెం

ఎస్తోనియా తన పెద్ద పొరుగు రష్యా కరెంటు తీగల నుంచి విడిపోయే శనివారం పొద్దున, జినైదా ఇంట్లో దీపం ఆరిపోయింది.

టీ కెటిల్ మూలుగు మధ్యలో ఆగింది. ఫ్రిజ్ ఒకసారి ఒళ్ళు విరుచుకుని ఊరుకుంది. డెబ్బై ఒక్కేళ్ళ జినైదా చీకట్లో తడుముకుంటూ కుర్చీ అందుకుని కూర్చుంది. కూర్చున్నాక నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

పందెం ఓడిపోయింది మరి.

పందెం కట్టింది అక్క రైసాతో. ఇద్దరూ నర్వా నది ఒడ్డున ఒకే ఇంట్లో పుట్టారు. అప్పట్లో అది ఈత కొట్టుకునే నది, అంతే. పెళ్ళిళ్ళయ్యాక ఒకరు ఈ ఒడ్డున, ఒకరు ఆ ఒడ్డున స్థిరపడ్డారు. తర్వాత ఉన్న దేశం ముక్కలైంది, నది సరిహద్దయింది. అక్కాచెల్లెళ్ళకి వంతెన ఒక్కటే మిగిలింది. మూడేళ్ళ కిందట రాజకీయాలు మాట్లాడుకుని దాన్నీ చెడగొట్టుకున్నారు. ఎవరి టీవీ చెప్పింది వాళ్ళు నమ్మారు. ఆ తర్వాత పుట్టినరోజులకి ఫోను, అదీ రెండు నిమిషాలు.

జనవరిలో జినైదా పుట్టినరోజు ఫోను మాత్రం గంటసేపు సాగింది. ఎస్తోనియా, దాని పక్కనున్న మరో రెండు చిన్న దేశాలు ఇక పెద్ద పొరుగు కరెంటు వద్దనుకున్నాయన్న కబురు మీద గొడవ మొదలైంది. కరెంటూ గ్యాసూ చూపించి బెదిరిస్తే ఎవరు పడతారని ఒకరు, ఇన్నేళ్ళు వెలిగించిన వాళ్ళ మీద విశ్వాసం లేదా అని ఒకరు. చీకటి నీకేనంటే కాదు నీకేనని ఇద్దరూ గొంతు చించుకున్నారు. చివరికి రైసా తేల్చేసింది. ఆ శనివారం ఎవరింట్లో దీపం ఆరితే వాళ్ళు వంతెన దాటి రెండోవాళ్ళింటికి రావాలి. వచ్చి, గెలిచినవాళ్ళు చాలు మొర్రో అనేదాకా అట్లు పోయాలి.

ఇక అప్పట్నుంచి రోజూ ఫోనే. ఏమే, ఇంకా వెలుగుతోందా అని ఒకరు, నీ సంగతి చూసుకో అని ఇంకొకరు. టీవీ పెడితే చలీ చీకటీ తప్పవని ఒకటే ఊదర. జినైదా ప్రతి చలికాలం చేసినట్టే బకెట్లు నింపుకుంది, పుల్లలు పొయ్యి పక్కన పేర్చుకుంది, కొవ్వొత్తులు తెచ్చుకుంది.

ఇప్పుడు ఆ కొవ్వొత్తి వెలుగులోనే ఫోను నొక్కింది.

"అక్కా, పోయింది."



"నిజంగానా? నా మీద ఒట్టు వెయ్యి."

"ఒట్టు. నా చెయ్యి నాకే కనపడట్లేదు."

"ఇక్కడ ఏడు బల్బులూ వేసుకుని కూర్చున్నానే నేను. పిల్లి గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద వెన్నలా కరిగిపోతోంది. బయల్దేరు. పెనం తెచ్చుకో, నాది అంటుకుంటుంది."

జినైదా ఇనప పెనం తువ్వాల్లో చుట్టింది. చిట్టి ఎర్రపళ్ళ జాం సీసా ఒకటి సంచిలో వేసింది. పెట్టె అడుగునుంచి పాస్‌పోర్టు తీసింది. అవతలికి వెళ్ళే అనుమతి ఇంకా పదకొండు రోజులే ఉంది. ఆ తర్వాత మళ్ళీ ఇస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. ఏడాదిగా అది పెట్టెలోనే పడి ఉంది. అలిగినవాళ్ళు ముందుగా ఎలా వెళ్తారు? పందెం ఓడినవాళ్ళైతే వెళ్ళక తప్పదు. తాను ఓడిపోవాలని ఈ నెలరోజులూ ఎంతగా కోరుకుందో జినైదాకి అప్పుడే తెలిసింది.

వీధిలో పక్కింటి వెనియమిన్ టోపీ వంకరగా పెట్టుకుని నిలబడ్డాడు. వచ్చేపోయేవాళ్ళకి ఒకటే మాట చెబుతున్నాడు. ఇది అవతలి ఒడ్డువాళ్ళ పనేనట, కావాలనే తీశారట, కావాలంటే కాగితం మీద రాసిస్తాడట. ఆయన అంత సంతోషంగా ఉండడం జినైదా ఈమధ్య చూడలేదు.

వీధి మలుపు తిరిగితే అసలు సంగతి కనిపించింది. మంచు బరువుకి బిర్చ్ చెట్టు విరిగి తీగల మీద పడుంది. ఇద్దరు మనుషులు రంపం పట్టుకుని, ఎటునుంచి మొదలుపెట్టాలా అని బుర్ర గోక్కుంటున్నారు.

వెనక్కి వెళ్ళి వెనియమిన్‌కి చెబుదామా అనుకుంది. పాపం, చలికాలం మొత్తానికి సరిపడా కబురు దొరికింది ఆయనకి. రైసాకీ చెప్పకూడదనుకుంది. పందెంలో కారణం ప్రస్తావన లేదు. చెట్టు కూలినా, దేశం కూలినా చీకటి చీకటే.

వంతెన దగ్గర రెండు గంటలు వరసలో నిలబడింది. సంచిలో ఏముందని వెనకావిడ అడిగితే పెనం చూపించి పందెం కథ చెప్పింది. ఆవిడ తన వెనకవాళ్ళకి చెప్పింది. కాసేపట్లో వరసంతా కాళ్ళు నేలకేసి కొట్టుకుంటూ నవ్వుతోంది. పెద్ద పెద్ద దేశాలు తేల్చుకోలేని గొడవ అట్లతో తేలిపోతోందన్నమాట అన్నాడొక ముసలాయన. ఎన్ని అట్లు అని అడిగాడు ఇంకొకాయన. నలభైకి తక్కువైతే మా అక్క ఒప్పుకోదంది జినైదా.

ఈ వైపు తనిఖీ అయ్యాక వంతెన మీద దాదాపు పరుగెత్తింది. నది మీద గాలి ఈడ్చి కొడుతోంది. పెనం నడుముకి తగులుతోంది. ఎదుటి ఒడ్డున అయిదో అంతస్తులో ఒక కిటికీ పట్టపగలు పెళ్ళివారిల్లులా వెలిగిపోతోంది. అందులోంచి ఎవరో వంటింటి తువ్వాలు పిచ్చిగా ఊపుతున్నారు. జినైదా చెయ్యి ఎత్తి ఊపబోయింది. ఆ చేతిలో సంచి ఉందని మర్చిపోయింది. సంచే ఊపింది.

వంతెన చివర గదిలో అధికారిణి పెనాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. జాం మూత తీసి వాసన చూసింది. ఎందుకొచ్చారని అడిగింది.

"మా అక్కకి అట్లు పోయడానికి, తల్లీ. మా ఇంట్లో కరెంటు పోయింది."

ఆమె పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ, జినైదా చాచిన రష్యా పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి, "ఎస్తోనియాకి స్వాగతం, బామ్మగారూ" అంది.