పెత్రమాస విస్తరి

“దొరికింది! చేతబడి చేసేది ఈవిడే!” అని గేటు దగ్గర నుంచి మా ఆయన కేకేశారు.

నేను చీపురుతోనే పరుగెత్తాను. ఇబ్రహీంపట్నంలో ఈ ఇల్లు కట్టుకున్న మూడేళ్లుగా, ఏటా భాద్రపద అమావాస్య పొద్దున మా గేటు ముందు విస్తరిలో అన్నం, మటన్ కూర, ఒక బీడీ. కాకి ముట్టకముందే ఊడ్చి ఫినాయిల్ పోసేదాన్ని. దయ్యాలకు ఫినాయిల్ పడదని నా నమ్మకం.

“చేతబడేంది బిడ్డా? ఇయ్యాల పెత్రమాస. సచ్చిపోయిన మా ఇంటాయనకు పెట్టుకుంటున్న,” అంది ఆ ముసలామె, శంకరమ్మ. “ప్లాట్లు కాకముందు గిది మా చేను. ఆయనను ఈడనే బొందపెట్టినం. మీరు గేటు పెట్టినంక బయటనే పెడుతున్న.”

“ఇక్కడంటే ఎక్కడ?” మా ఆయన గొంతు తగ్గింది.

శంకరమ్మ కరెంటు స్తంభం నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. గేటు దాటింది, హాలు దాటింది, వంటింట్లో ఆగింది. కూర్చుని టైల్స్ మీద అరచెయ్యి ఆనించింది.

“మూడేండ్ల సంది నేను పెట్టింది ఆయనకు ముట్టిందో లేదో అని ఒకటే రంది,” అంది.

నేను చీపురు వెనక్కి దాచుకున్నాను.

“పొయ్యి పక్కనే ఉన్నడు. ఇంగ ఆయన ఆకలి ఫికర్ నాకెందుకు, బిడ్డా?”