నాలుగో వేలు

మెక్సికోలోని షొచిమిల్కోలో, మా ఇంటి తొట్టెలో పెంచే ఆక్సొలాటల్ అనే నీటిబల్లి ముందుకాలికి ఈ పొద్దున మూడు వేళ్లే ఉన్నాయి. నాలుగోది రెండో ఆక్సొలాటల్ నోట్లోంచి వేలాడుతోంది. నీళ్లు కుళ్లిన చేపల కంపు కొడుతున్నాయి.

"పిన్నీ, వీటిని విడదీద్దాం. ఈ మురికిలో కాలంతా కుళ్లిపోతుంది."

"ముట్టుకున్నావంటే ఊరుకోను, పుస్తకాల పురుగా! మళ్లీ మొలుస్తుంది. మొన్న మొలవలేదూ?" ఒతీలియా పిన్ని తొట్టె అద్దానికి మొహం ఆనించి, కళ్లార్పకుండా చూస్తోంది.

పిన్ని కావాలనే కొరకనిస్తోందని అర్థమైంది. నిన్న బేసిన్‌లో పట్టి ఉంచిన మంచినీళ్లలోకి, దెబ్బతిన్నదాన్ని మార్చేశాను.

పిన్ని అరవలేదు. "అయితే ఆ బేసిన్ నా మంచం పక్కన పెట్టవే. మొలిచేటప్పుడు చూడాలి," అంది.

షుగరు ముదిరి పిన్ని ఎడమ పాదం తీసేసి మూడు నెలలైంది.