రోడ్డు పక్క బండ

"పెద్దాయనా, మీ మెడలో సదస్సు కార్డేది?"

బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిన ముసలాయన అక్కడే ఆగిపోయాడు. మాసిన టోపీ, చంకలో గుడ్డ సంచీ.

"కార్డు లేదమ్మా. రిటైరైపోయినవాణ్ణి. ఒక్క సీటు ఖాళీ ఉంటే కొండ దాకా వస్తాను. రాళ్లంటే సరదా."

ఆమెకు ఒళ్లు మండింది. అసలే తెల్లారినప్పట్నుంచీ గుండె దడదడలాడుతోంది. సదస్సుకు వచ్చిన నలభై మంది భూగర్భ శాస్త్రవేత్తలకు ఇవాళ తన కొండ చూపించాలి.

ఆఫీసులో ఆమెను అందరూ రాళ్లమ్మాయి అంటారు. పేరు గొప్పదే గానీ ఉద్యోగం టెంపరరీ.

"ఇవాళ వీళ్లు ఔనంటే నువ్వు పర్మనెంట్. కాదంటే నెలాఖరుకు బల్ల ఖాళీ చెయ్" అని డైరెక్టర్ మొహం మీదే చెప్పేశాడు.

"ఎక్కండి. వెనక కూర్చోండి. మధ్యలో మాట్లాడకండి" అంది, పొద్దున్నే గొడవెందుకని.

ఆ కొండ ఎప్పుడో తలకిందులైందని ఆమె వాదన. అడుగున ఉండాల్సిన పాత పొరలు పైకొచ్చాయి, పైన ఉండాల్సినవి అడుగుకు పోయాయి. నాలుగేళ్లు ఎండలో మాడి తేల్చిన సంగతి. పరిశోధన పేపర్ రాసి ఒక పెద్ద సైన్సు పత్రికకు పంపింది. అచ్చు కావాలంటే, పేరు బయటపెట్టని సమీక్షకులిద్దరూ ఒప్పుకోవాలి.

మొదటి సమీక్షకుడు భేష్ అన్నాడు. రెండో ఆయన ఉన్నాడే, పేరూ ఊరూ తెలియని ఆ మహానుభావుడు, ఏడాదిగా పేపర్‌ని కదలనివ్వడం లేదు. "రోడ్డు పక్క బండను మళ్లీ చూడండి." ఎప్పుడూ అదే పాట.

మళ్లీ చూడ్డానికేముంది, నా తలకాయ, అనుకుని ఆమె చూడనేలేదు. ఆయనకు "రెండో శని" అని పేరు మాత్రం పెట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా వాళ్లమ్మ కూడా "ఏమే, ఆ శని వదిలిందా?" అనే అడుగుతుంది.

బస్సు కొండ కింద ఆగింది.

రోడ్డు పక్కనే నిలువెత్తు బండ. దాని అడుగువైపు ఇసుకలో అలలు గీసిన గీతలు రాయిలా గట్టిపడి ఉన్నాయి. అలల గీతలు ఎప్పుడూ ఇసుక పైభాగానే పడతాయి. ఇక్కడ కిందివైపున్నాయి. కొండ తిరగబడిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అందరూ చుట్టూ చేరుతున్నారు. ఆలోగా ముసలాయన బండ చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అడుగుభాగం చూసి, ఆమె దగ్గరికొచ్చాడు.

"అమ్మా, విడిగా ఒక్క మాట."

"ఇప్పుడా?"

"ఇప్పుడే." ఆయన గొంతు బాగా తగ్గించాడు. "ఈ బండ దగ్గర మొదలుపెట్టకు. పైనుంచి దొర్లి పడ్డ బండ ఇది. దొర్లడంలో తిరగబడింది. వీళ్లను పై వాగు దాకా నడిపించు, అక్కడ..."

"పెద్దాయనా!"

అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది గొంతు. అందరూ అటు తిరిగారు.

"నాలుగేళ్లు తిరిగాన్నేను ఈ బండ చుట్టూ. మీరొచ్చి నాలుగు నిమిషాలైంది. సరదాకొచ్చారుగా, సరదాగా ఉండండి!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మొహం చిన్నబోయింది.

"సరేనమ్మా. నేను వాగు దగ్గరుంటాను. నీకు కుదిరితే రా."

కర్ర పుల్ల ఒకటి ఏరుకుని మెల్లగా కాలిబాట ఎక్కాడు. హమ్మయ్య, పీడా పోయింది అనుకుందామె.

ఇరవై నిమిషాలు అద్భుతంగా మాట్లాడింది. డైరెక్టర్ కూడా తల ఊపాడు.

అప్పుడొక పొడుగాటావిడ ముందుకొచ్చి, బండ మొదలు దగ్గర సుత్తితో తవ్వింది. సుత్తి కాడ బండ కిందికి మెత్తగా దిగిపోయింది. నల్లమట్టి, గడ్డి వేళ్లు, వాటితోపాటు తుప్పు పట్టిన డబ్బా మూత ఒకటి బయటికొచ్చాయి.

"కొండతోపాటు పుట్టిన బండ అన్నారు. మరి దీని కిందికి డబ్బా మూత ఎలా వెళ్లిందండీ?" అంది ఎంతో మర్యాదగా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఇంతలో వాన అందుకుంది. అందరూ బస్సులోకి పరుగెత్తారు. ఆమె జాబితా పట్టుకుని, కళ్లనీళ్ల మధ్య తలలు లెక్కపెట్టింది. నలభై.

"సరిపోయింది. పోనివ్వండి."

దారిలో డైరెక్టర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "నేనేం చెయ్యలేనమ్మా. పదిమందీ చూశారు" అన్నాడు. అమ్మకి ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

హోటల్ ముందు అందరూ దిగాక డ్రైవర్ వచ్చాడు. చేతిలో గుడ్డ సంచీ.

"ఆ పెద్దాయనది మేడమ్. వెనక సీట్లో ఉంది."

"ఆయన దిగలేదా?"

"ఎక్కితేగా దిగడానికి? మీరు సరిపోయిందన్నారు, నేను పోనిచ్చాను."

ఆమె చేతిలోని జాబితా చూసుకుంది. ఆయన పేరు జాబితాలో లేదు. లెక్క సరిపోక ఏమవుతుంది?

"తిప్పండి బస్సు! త్వరగా!"

వాన జోరందుకుంది. ఖాళీ బస్సులో వెనక సీట్లో కూర్చుని, ఫోన్ నంబరేమైనా దొరుకుతుందేమోనని సంచీ విప్పింది.

ఒక భూతద్దం. తాగని నీళ్ల సీసా. ఒక కాగితాల కట్ట.

కట్ట మీద ఉన్నది తన పేరే. ఇంకా అచ్చు కాని తన పేపర్. తన దగ్గర, పత్రిక సంపాదకుడి దగ్గర, సమీక్షకులిద్దరి దగ్గర తప్ప ఈ లోకంలో ఇంకెవరి దగ్గరా ఉండని పేపర్.

చివరి పేజీ కింద ఎర్ర సిరాతో నిన్నటి తేదీ వేసి, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది:

"పై వాగు దాకా వెళ్లి చూసి వచ్చాను. కొండ తలకిందులైన మాట నిజమే, ఈ అమ్మాయిదే గెలుపు. రోడ్డు పక్క బండ ఒక్కటే పొరపాటు. నలుగురిలో ఆమె పరువు పోకూడదు కనుక, రేపు నేనే సదస్సు వాళ్ల బస్సెక్కి చెవిలో చెప్పి వస్తాను. పేపర్ అచ్చు వేయండి. ఇట్లు, రెండో సమీక్షకుడు."