అరువు చాదర్

మినీబస్సు కదలబోతుంటే తల నుంచి పాదాల దాకా నల్ల చాదర్ కప్పుకున్న ఒకావిడ గబగబా ఎక్కింది.

“ఇవాళ కాకి కూడా వస్తోందా, హైదర్ బాబాయ్?” అంది మాహ్‌రుఖ్, డ్రైవరు వైపు వంగి.

హైదర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆవిడకు వినబడింది. అయినా వచ్చి మాహ్‌రుఖ్ పక్కనే కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. దారంతా కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూనే ఉంది.

‘నాలాంటి వాళ్ళకు బుద్ధి రావాలని దువా చేస్తోంది కాబోలు’ అనుకుంది మాహ్‌రుఖ్. కావాలనే స్కార్ఫ్ కాస్త వెనక్కి జరిపింది.

పట్నం దగ్గరపడ్డాక ఆవిడ కళ్ళు తెరిచింది.

“యూనివర్సిటీ పరీక్షకేనా? పెన్సిళ్ళు ఎన్ని తెచ్చుకున్నావు?”

“ఒకటి.”

“అది విరిగితే?” చాదర్ మడతలోంచి చెక్కిన పెన్సిలొకటి తీసి మాహ్‌రుఖ్ చేతిలో పెట్టింది.

మాహ్‌రుఖ్‌కు సిగ్గేసింది. “మీ అమ్మాయి కూడా రాస్తోందా, ఖాలా?”

“మా ఇంటి నుంచీ ఒకరు రాస్తున్నారులే.”

పరీక్ష హాలు గేటు ముందు తల్లులు గుంపుగా నిలబడి ఉన్నారు. ఆవిడ ఆ గుంపులో కలిసిపోయింది.

“ఆగు,” అంది గేటు దగ్గరి కాపలామె. “కోటు మోకాళ్ళ పైకుంది. చాదర్ ఉంటేనే లోపలికి.”

“మా అక్క కోటు ఇది. నాకు ఇంకోటి లేదు, మేడమ్.”

అంతలో తెల్ల కారొకటి ఆగింది. దిగిన అమ్మాయి స్కార్ఫ్ మెడలోనే ఉంది, జుట్టంతా భుజాల మీద ఉంది.

కాపలామె పక్కకు తప్పుకుంది. “రామ్మా. డాక్టరుగారు బాగున్నారా?”

మాహ్‌రుఖ్ ఒళ్ళు మండింది. “ఆమె జుట్టు కనబడలేదు కానీ నా మోకాళ్ళు కనబడ్డాయా మీకు?”

“నోరు కూడా ఉందే. కాసేపట్లో గేటు మూసేస్తారు, ఈలోగా మీ ఊరెళ్ళి చాదర్ తెచ్చుకో.”

ఊరు గంట దూరం. పరీక్ష రాయడానికి ఒక్కసారే పంపిస్తానని నాన్న ముందే చెప్పాడు. ఇవాళ తప్పితే చదువు అంతే.

అయినా మాహ్‌రుఖ్ అక్కడి నుంచి కదల్లేదు.

వెనక నుంచి ఏదో వచ్చి తల మీద పడింది. చాదర్. ఇంకా వెచ్చగానే ఉంది.

“ఇప్పుడు సరిపోయిందా?” బస్సులోని ఆవిడ గొంతు.

ఆవిడ ఒంటి మీద ఇప్పుడు పొట్టి చేతుల పూల చొక్కా ఉంది.

“మరి నీ సంగతేంటి? ఆ చేతులేంటి?” అంది కాపలామె.

“రొట్టెలు కాల్చే చేతులు, చెల్లీ. ఎప్పుడూ చూడలేదా?”

తల్లుల గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు.

“చాదర్ వెనక్కి తీసుకో. లేదంటే ఆ పోలీసు వ్యాను ఎక్కిస్తా.”

మాహ్‌రుఖ్ చాదర్ తీయబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

“మిమ్మల్ని తీసుకెళ్ళిపోతారు, ఖాలా.”

“తీసుకెళ్ళనీ. కాకిని కదా, ఎక్కడైనా వాలతాను. నువ్వెళ్ళి రాయి.”

ఆవిడ ఒక్క తోపు తోసింది. వెనకాలే గేటు మూసుకుంది. ఆ అవతల వ్యాను తలుపు పడిన చప్పుడైంది.

హాల్లో ఒక్కో కుర్చీకి ఆ కుర్చీలో కూర్చోవలసిన వాళ్ళ ఫొటో, నంబరు అంటించి ఉన్నాయి. మాహ్‌రుఖ్ తన ఫొటో వెతుక్కుని కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

గంట మోగింది. పక్క కుర్చీలోకి ఎవరూ రాలేదు.

మాహ్‌రుఖ్ లేచి చాదర్ తీసేసింది.

“కప్పుకో,” అంది పర్యవేక్షకురాలు.

“ఇది నాది కాదు, మేడమ్. దీని మనిషిని మీవాళ్ళు వ్యానులో కూర్చోబెట్టారు. ఆవిడ వచ్చి కప్పుకోమంటే కప్పుకుంటాను.”

హాలంతా తలెత్తి చూసింది. పర్యవేక్షకురాలు తలుపు వైపు ఒకసారి చూసి, ప్రశ్నపత్రాలు పంచుతూ ముందుకు వెళ్ళిపోయింది.

మాహ్‌రుఖ్ చాదర్‌ను జాగ్రత్తగా మడిచి పక్క కుర్చీలో పెట్టబోయింది. ఆ కుర్చీకి అంటించిన ఫొటోలోంచి, అదే చాదర్‌లో, ఆవిడే చూస్తోంది.