వాము కషాయానికి సాక్ష్యం

విజయరాణికి ఇవాళ ముట్టు రెండోరోజు. ఒక చేత్తో పొత్తికడుపు పట్టుకుని, రెండో చేత్తో వాము బెల్లం కషాయం కలుపుతోంది. దాన్ని సీసాల్లో పోసి అమ్మే మొగుడు కిశోర్‌కుమార్, మలేసియాలోని తోటల ఊరు సుంగై సుమున్ నుంచి సాక్ష్యానికి తెచ్చుకున్న మామ్మ నూకమ్మ ముందు ఫోను కెమెరా పెట్టాడు.

"ఇది మూడ్రోజులు తాగితే ముట్టునొప్పి పోతాది కదా, మామ్మా?"

"తాగకపోయినా పోతాదిరా."

"మరి తోటలో పనిసేసినప్పుడు నువ్వెందుకు తాగినావు?"

"కషాయం కాసుకుంటామంటే కూలీల మేస్త్రీ కంగాణీ ఓ గంట పని ఆపి కూకోనిచ్చేవోడు. ఆ కూకోడమే మాకు మందు."

కిశోర్ మొహం వెలిగింది. "బాగుంది లా," అన్నాడు మలేసియా అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. "ఆ ముక్క కూడా సీసా మీద అచ్చేద్దాం. రాణీ, కలపడం ఆపకు, అడుగంటేస్తాది."

విజయరాణి గరిటె వదిలేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అడుగంటనీ లా. నా మందు ఇప్పుడే పనిసేస్తోంది."